కోపం రాని మనిషి

ఇస్త్రీ పెట్టె కింద తడి గుడ్డ సుర్రుమంటే లేచే ఆవిరి వాసన ఇవాళ్టికీ నన్ను ఆత్మకూరులో బస్సు డిపో వెనక సందులోకి లాక్కెళుతుంది. అక్కడ పెంచలమ్మక్క టైలరింగ్ షాపు ఉండేది. నేను ఉదయగిరి నుంచి రోజూ బస్సులో వచ్చి ఆమె దగ్గర పనిచేసేదాన్ని. అక్క ఎవరినీ నమ్మేది కాదు. కొలతల జాకెట్టు ఇచ్చినా మళ్ళీ మనిషిని కొలిచేది. ఎవరైనా నవ్వుతూ పలకరిస్తే, వాళ్ళు సందు మలుపు తిరిగేదాకా చూసి "వీళ్ళకేందో పనుండాది" అనేది. మరీ తీయగా మాట్లాడేవాళ్ళను చూస్తే ఇప్పుడు నాకూ చెవులు నిక్కబొడుచుకుంటాయి. అది ఆమె అంటించిన జబ్బే.

అలాంటి మనిషి ముందు రమణ మాట ఎత్తాను. ఉదయగిరిలో బోరు మోటార్లు బాగుచేసేవాడు. బస్సులో పరిచయమై నెల తిరక్కముందే, తనకు ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు, ముందు గుళ్ళో దండలు మార్చుకుని తర్వాత పెద్దలకు చెబుదాం అన్నాడు. నాకు కాళ్ళు నేలమీద నిలవలేదు. విషయం చెబితే అక్క మిషను కూడా ఆపలేదు.

"ఏందా తొందర? వాడికి కోపమొస్తే ఎట్టుంటాడో చూసినావా?"

"అసలు కోపమే రాదక్కా."

"అయితే నీకింకా మనిషి కనపడలా."

నిజానికి నాకు ఆమె మీదే అనుమానం. పెళ్ళిళ్ళ రోజుల్లో పనికి చెయ్యి తగ్గిపోతుందని అడ్డం పడుతోందేమో అనుకున్నాను. అయినా పని నేర్పిన మనిషి, మాట తీసెయ్యలేక ఆమె సరే అనేదాకా ఆగుతానని ఒప్పుకున్నాను.

ఆ తర్వాత ఆమె చేసిన పని తలుచుకుంటే నవ్వూ వస్తుంది, ఒళ్ళూ మండుతుంది. రమణ చొక్కా గుడ్డ ఇస్తే, కావాలనే ఒక చెయ్యి పొట్టిగా కుట్టి, "ఈ పిల్లే చెడగొట్టింది" అని నా మీదకు నెట్టింది. రమణ నవ్వి, "పర్లేదక్కా, మడత పెట్టుకుంటా" అన్నాడు. నేను గెలిచాననుకున్నాను. అతను వెళ్ళగానే అక్క పెదవి విరిచింది. "దాచుకున్నాడు. పెళ్ళికి ముందు అందరూ మడత పెట్టుకునేవాళ్ళే."

రెండో చొక్కాకు కాలరు వంకర. అప్పుడూ నవ్వాడు, కాకపోతే కాస్త ఆలస్యంగా. వానలు పోయి ఎండలొచ్చాయి. బస్సులో మా ఇద్దరికీ మాట్లాడకుండా కూర్చోవడం కూడా అలవాటైంది. వాళ్ళమ్మ జబ్బు గురించి నాకు, నా మొండితనం గురించి అతనికి బాగా తెలిసొచ్చింది. మేనమామ కొడుకు పెళ్ళికని ఇచ్చిన మూడో చొక్కాకు అక్క జేబు కుడివైపు కుట్టింది. చూడగానే రమణ ముఖం ఎర్రబడింది. చొక్కాను బల్లమీద పెట్టాడు, విసరలేదు.

"మూడుసార్లూ ఈమే చెడగొట్టిందంటే నేన్నమ్మను. ఈమె పని నాకు తెలుసు. నువ్వే చేస్తా ఉండావక్కా. నాతో నీకేంది కక్ష?" అని నిలదీశాడు.

అక్క నా వైపు తిరిగింది. "ఇదో, ఇప్పుడు కనపడినాడు" అని నాతో అంది. అతనికి టీ తెప్పించి, తనే జేబు విప్పి ఎడమవైపు కుట్టింది. "ఇంక మీ పెద్దోళ్ళతో మాట్లాడు" అంది.

రెండిళ్ళవాళ్ళూ కలిసి పెళ్ళి చేశారు. అక్క అనుమానం మాత్రం తీరలేదు. ఎప్పుడు వెళ్ళినా నన్ను పక్కకు పిలిచి "ఎట్టా చూసుకుంటా ఉండాడు?" అని ఆరా తీసేది. చివరిసారి వెళ్ళేసరికి ఆమె మంచంలో ఉంది. ఆ రోజు నన్ను కాదు, రమణను అడిగింది.

"ఈ పిల్ల నిన్ను బాగా చూసుకుంటా ఉండాదా?"

రమణ నా వంక చూసి ఆలోచించుకున్నాడు. "కొన్నిసార్లు చూసుకోదక్కా" అన్నాడు.

నాకు చివుక్కుమంది. అక్క మాత్రం ఓపిక లేకపోయినా నవ్వింది. ఇంటికొచ్చాక, ఎప్పుడు చూసుకోలేదో చెప్పమని అడిగాను. చెప్పాడు. అడ్డు చెప్పకుండా వినడం నాకు చాలా కష్టమైంది. అక్క పోయాక కూడా అప్పుడప్పుడూ రమణను ఆమె అడిగిన ప్రశ్నే అడుగుతుంటాను. అడిగీ అడగ్గానే "ఏమీ లేదులే" అంటే మాత్రం నమ్మను.