బావ కారుకు దిష్టి

మా బావ పోయాడని అక్క ఫోన్ చేసినప్పుడు నేను రాయకోట మండీలో టమోటా పెట్టెలు ఎక్కిస్తున్నాను. ఆయుధపూజ జరిగి వారం కూడా తిరగలేదు. నిద్రలోనే గుండె ఆగిపోయిందట. మర్నాటికి మద్రాసు నుంచి, బెంగళూరు నుంచి రేసుల కుర్రవాళ్లంతా హోసూరు వచ్చారు. ఒక్కొక్కడూ "నాకు నేర్పింది ఆయనే" అని ఏడుస్తుంటే, అంత దుఃఖంలోనూ నాకు కడుపు మండింది. మీతో చెప్పడానికి సిగ్గెందుకు, ఆయన విషయంలో నాకు మొదటినుంచీ అదే అలవాటు.

షెడ్డులో ఆయనకు రెండు తలుపుల పాత కారు ఒకటుండేది. మద్రాసు దగ్గరి ట్రాక్ కోసం గట్టి స్ప్రింగులు వేసి, నేలకు తగులుతుందేమో అన్నంత కిందికి దించేవాడు. ఆయుధపూజకు ముందు అవన్నీ విప్పేసి మెత్తటి స్ప్రింగులు, లోతైన గాడులున్న టైర్లు, పసుపు లైట్లు బిగించేవాడు. ఇక చలి తగ్గేదాకా తెల్లవారుజామున డెంకణికోట మీదుగా జవళగిరి అడవి రోడ్డే మా ట్రాక్.

"ట్రాక్‌లో నువ్వు చెప్పింది కారు వినాల. మంచులో కారు చెప్పింది నువ్వు వినాలప్పా" అనేవాడు.

నాకు వినపడేది కాదు. అదే కారు, అదే రోడ్డు. ఆయన తిప్పితే మలుపులో నీళ్లలా జారిపోయేది, నేను తిప్పితే టైర్లు కీచుమనేవి. ఎడమ సీట్లో కళ్లు మూసుకుని ఆ చప్పుడు వింటూ కూర్చునేవాడు. డ్రైవరు సీటేమో ఆయన ఆరడుగుల కొలతకు బోల్టులతో బిగించింది. నేను పొట్టివాణ్ణి, వీపు వెనక దిండు పెట్టుకుని నడిపేవాణ్ణి. ఒక్కసారైనా ఆయనలా నడపాలని ఎంత ఆశో, ఆయన్ను చూస్తే అంత కుళ్లు.

బావకు అది తెలుసు. పండగనాడు దిష్టి గుమ్మడికాయ నా చేతికే ఇచ్చేవాడు.

"కుళ్లుకునేవాడే తిప్పి కొట్టాలప్పా. అప్పుడే దిష్టి పూరాగా పోతుంది."

ఒళ్లు మండేది, అయినా తిప్పేవాణ్ణి. ఈ ఏడు మాత్రం కాయ నా చేతిలోంచి తీసేసుకున్నాడు. "ఈ తూరి నేను తిప్పుతా, ఇయ్యప్పా." ఆ పని కూడా నాకు మిగల్చలేదే అని ముఖం ముడుచుకున్నాను.

కర్మ అయిపోయాక అక్క తాళాలు తెచ్చిచ్చింది. "మంచు పడతా ఉంది. ఒక సుట్టు పోయి రాప్పా."

దిండు పట్టుకుని ఎక్కబోయాను. దాన్ని పెట్టడానికి చోటు లేదు. కూర్చుంటే కాళ్లు పెడల్స్‌కు సరిగ్గా అందాయి.

"పండగ ముందురోజు సీటు ముందుకు జరిపి బిగించినాడు. మోకాళ్లు నొప్పంట, ఇంక ఈ కారు నీదే అనినాడు. నీకు చెప్పలేదా?" అంది అక్క.

చెప్పలేదు. గుమ్మడికాయ తిప్పాడు, అంతే. కుళ్లుకోవడం కూడా నాకన్నా బాగా చేసిపోయాడు మనిషి, నవ్వుతూ.

జవళగిరి మలుపులో మొదటిసారి టైర్లు కిక్కురుమనలేదు. "చూసినావా బావా" అంటూ పక్కకు తిరిగాను. ఎడమ సీట్లో దిండు ఒక్కటే ఉంది.