నేను దిగని చెరువు

కదలొద్దని చెప్పినా కదిలాను. అందుకే మూడో చురక వంకరగా పడింది. అమ్మ వెనక నుంచి నా భుజాలు నొక్కి పట్టుకుంది కానీ మోకాలు నాది, ఇనుప కడ్డీ ఆయనది, మధ్యలో అమ్మ చేయగలిగిందేముంది? తోలు కాలిన వాసన వచ్చింది. అది నా తోలేనని తెలియడానికి ఒక్క క్షణం పట్టింది.

"ఎద్దు గూడ గింత కదలదు," అన్నాడు ముసలాయన, కడ్డీని మళ్లీ నిప్పుల్లో పెడుతూ.

"ఎద్దుకు పందెం లేదు గద తాతా, దీనికున్నది," అంది అమ్మ.

"ఏం పందెం?"

"ఈదాలె, సైకిల్ తొక్కాలె, ఉరకాలె. మూడూ ఒక్కపారే."

అప్పటిదాకా నా మోకాలినే చూస్తున్న ఆయన మొదటిసారి నా ముఖం చూశాడు. "మూడెందుకు? ఒక్కటి సక్కగ జేస్తే సాలదా?"

నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వులో ఉండగానే నాలుగోది పెట్టేశాడు.

అయిజకు అవతల ఒక పల్లె అది. ఆయన ఎక్కువగా పెట్టేది ఎడ్ల కాళ్లకు, కీళ్లు పట్టేసిన ముసలివాళ్లకు. నాలాంటి ఆడపిల్ల రావడం అదే మొదలని ఆయన భార్య చెప్పింది. మోకాలి చిప్ప చుట్టూ మొత్తం ఐదు చురకలు. పసుపు, నూనె కలిపి పూసి, పాత ధోతి గుడ్డ చింపి కట్టి, మూడు రోజులు నీళ్లు తగలనీయొద్దన్నాడు. ఆ రోజు బుధవారం. పోటీ ఆదివారం. తిరుగు బస్సులో అమ్మా నేనూ వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాం. గురువారం, శుక్రవారం, శనివారం. సరిగ్గా మూడు. ఎంత బాగా కుదిరిందో అని ఇద్దరం సంబరపడ్డాం కూడా.

ఈ మూడాటల పిచ్చి నాకు అంటించింది మా హైస్కూలు పీఈటీ సారు. నేను టెన్త్ పాసై చదువు మానేశాక ఒకరోజు బజార్లో కనబడి ఆపాడు. మానవపాడు దగ్గర మా అమ్మమ్మ ఊళ్లో ఎండాకాలం సెలవులన్నీ పొలాల బావుల్లోనే గడిపేదాన్నని, మగపిల్లలతో పోటీ పెట్టుకుని ఈదేదాన్నని ఆయనకు ఎవరో చెప్పారట. సారు మాటలు నాకు ఇప్పటికీ గుర్తే.

"ఉరికేటోళ్లు ఊరికి పదిమంది ఉంటరు. ఈతొచ్చిన ఆడపిల్లలు ఎంతమంది దొరుకుతరు చెప్పు? నువ్వు గెలవకున్నా మంచిదే. ఆఖరిదాక పోతే సాలు, మూడో స్థానం నీదే."

మొదటి మూడు స్థానాల్లో ఉంటే సర్టిఫికెట్. సర్టిఫికెట్ ఉంటే ఆటల కోటాలో టెన్త్‌తోనే సర్కారు నౌకరీకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. నాకు కావలసింది అదే. పతకం మీద ఆశ ఉందని అబద్ధం చెప్పను. రెండేళ్లుగా మగ్గం గుంటలో కాళ్లు దింపుకుని కూర్చున్నదాన్ని. మా అమ్మ ఆ గుంటలో దిగిన వయసు నాకు తెలుసు, ఇంకా బయటికి రాలేదని కూడా తెలుసు.

అలా వనపర్తి వెళ్లాను, మొదటి పోటీకి. ఆడపిల్లలం ఐదుగురం. ఈతలో రెండోదాన్నై ఒడ్డెక్కాను. సారు గట్టు మీద తువ్వాలు ఊపుతూ ఎగురుతున్నాడు. సైకిల్ మాత్రం సారుదే, పాతది. పదో కిలోమీటరు దాటాక మలుపులో చైను పడిపోయింది, దానితోపాటు నేనూ పడ్డాను, కంకర మీద, కుడి మోకాలు ముందుగా. చైను ఎక్కించుకుని మిగతా దూరం తొక్కాను. పరుగు ఐదు కిలోమీటర్లు. పరుగని అంటున్నాను గానీ రెండో కిలోమీటరు నుంచి అది కుంటుడే. ఇద్దరు పిల్లలు మధ్యలోనే మానేశారని దారిలో ఎవరో చెప్పారు. అంటే ఉన్నది ముగ్గురమే, మూడో స్థానం నాదే. ఆ మాట పట్టుకుని ఏడుస్తూ, తిట్టుకుంటూ, దారిన పోయే ఆటోవాళ్లు ఎక్కమని పిలుస్తుంటే తల అడ్డంగా ఊపుతూ వెళ్లాను.

వెళ్లేసరికి టెంటు విప్పేస్తున్నారు. టైము రాసే ఆయన కుర్చీ ఆటోలోకి ఎక్కిస్తున్నాడు. సమయం దాటిపోయింది, కాగితాలు కట్టేశాం, వచ్చే ఏడు రా అన్నాడు. నేను ఆఖరిదాకా వచ్చాను గదా సార్ అన్నాను. వచ్చినవ్, ఎవరు కాదన్నరు అన్నాడు. అరటిపండు మాత్రం ఇచ్చాడు.

తర్వాత ఎనిమిది నెలలు ఆ మోకాలితోనే. దవాఖానలో డాక్టరు గోలీలు రాసిచ్చి, ఆరు వారాలు కాలికి పని చెప్పొద్దన్నాడు. ఆయనకేం, చెప్పాడు. సారేమో ఆగితే ఒళ్లు బిగుసుకుపోతుందనేవాడు. మగ్గమేమో ఆగదు. మధ్యలో అయిజలో ఏదో పండగకు పెట్టిన పరుగు పందెంలో మూడో కిలోమీటరు దగ్గర రోడ్డు పక్కన కూర్చుండిపోయాను. ఆరో తరగతి పిల్లలు నన్ను దాటుకుంటూ, అక్కా లే, అక్కా లే అని అరుచుకుంటూ పోయారు. లేస్తే గదా.

నొప్పి సంగతి ఇంట్లో చెప్పలేదు. చెబితే పరుగు మానమంటారు. కానీ చీర చెప్పేసింది. గద్వాల చీరకు ఇద్దరు కావాలి. నడుమ నూలు, అంచుకు పట్టు. నేను తొక్కి నేస్తుంటే అమ్మ పక్కన కూర్చుని అంచు వైపు నాడె, అదే దారం కండె తిరిగే షటిల్, అందించేది. కుడికాలు నిండుగా తొక్కలేక సగమే తొక్కుతున్నాను. దారాలు సరిగా తెరుచుకోవు, నాడె కొన్నింటిని వదిలేసి పోతుంది. ఒకరోజు నాయిన చీర మడత విప్పి వెలుతురుకు పట్టి, వేలు పెట్టి చూపిస్తూ పోయాడు. ఇక్కడొకటి, ఇక్కడొకటి. అన్నీ కుడికాలు తొక్కిన వరసలే. అమ్మ నా లంగా మోకాలిదాకా లేపి చూసింది.

ఆ వాపు చూశాక అమ్మ చేసింది ఏ తల్లైనా చేసేదే. చురకలతో వాళ్లమ్మకు నయమైంది, మేనమామకు నయమైంది, నాకూ అవుతుంది. వద్దనే తెలివి నాకూ లేదు. నాగర్‌కర్నూల్ పోటీ ముందుంది, అది అయిన మర్నాడు, సోమవారం, దరఖాస్తుకు ఆఖరి రోజు. ఐదు కాదు, పది పెట్టినా ఓర్చుకునేదాన్నే.

ఆదివారం మొదటి బస్సుకు సారుతో బయలుదేరాను. గుడ్డ తడిగా ఉందని దారిలోనే తెలుస్తోంది. చెరువు గట్టు మీద టెంటు, మైకు, ఒక దవాఖాన బండి. నీళ్లలో దిగే ముందు అందరినీ చూడడానికి ఒక నర్సమ్మ కూర్చుంది. నేను పొడుగు ప్యాంటు విప్పక తప్పలేదు. ఆమె కట్టు విప్పుతుంటే గుడ్డతోపాటు పొక్కుల తోలు ఊడొచ్చింది.

"ఇదేంది? ఎవరు గాల్చిన్రు నిన్ను?" అంది.

చెప్పాను. సారు పక్కనే ఉన్నాడు, ఆయనకూ అప్పుడే తెలిసింది. ప్లాస్టిక్ కవరు చుట్టుకుని రబ్బరు బిగించుకుంటానన్నాను, మూడు రోజులు అయిపోయాయన్నాను, వేళ్లు మడిచి చూపించాను కూడా. నర్సమ్మ నా గడ్డం పట్టుకుని చెరువు వైపు తిప్పింది. ఆ చివర బర్రెలు మెడలదాకా మునిగి ఉన్నాయి.

"ఆ నీళ్లు ఈ పుండ్లకు తగిల్తే పందెం కాదు, కాలే పోతది. నేనైతే సంతకం పెట్టను."

సారు నన్ను పక్కకు తీసుకెళ్లి తిట్టాడు. చదువు లేనోళ్ల తీరు చేశావన్నాడు, ఒక్క మాట నాకు చెప్పలేకపోయావా అన్నాడు, ఏడాదిన్నర బూడిదలో పోశావన్నాడు. వింటూ నిలబడ్డాను. తిట్టాక ఆయన కళ్లు తుడుచుకోవడం చూసి నాకు ఆయన మీదే కోపం వచ్చింది. కాలు నాది, ఏడుపు ఆయనకెందుకని.

ఆ రోజు వచ్చిన ఆడపిల్లలం ముగ్గురమే. మిగతా ఇద్దరూ ఈల వేయగానే దూకారు. నేను గట్టు మీద చెప్పులు చేతిలో పట్టుకుని నిలబడ్డాను. వాళ్ల ఈత చూస్తుంటే కడుపు మండింది. నా అంత ఈదేది వాళ్లలో ఎవరూ లేరు. ఒకామె తల నీళ్లలో పెట్టడానికే భయపడుతోంది. వాళ్లు సైకిళ్లెక్కి పోయాక గట్టు మీద ఎవరూ చూడని చోట ఒక వంద అడుగులు పరుగెత్తి చూశాను. మోకాలిలో నొప్పి లేదు. ఆ ముసలాయన పనితనమో, పైన మంటకు లోపలి నొప్పి తెలియకపోవడమో ఇవాళ్టికీ చెప్పలేను. నొప్పి లేకపోవడమే ఆ రోజు నాకు అన్నిటికన్నా కష్టమైంది.

మధ్యాహ్నానికి ఇద్దరూ వచ్చేశారు. సారు టేబులు దగ్గర చాలాసేపు మాట్లాడి నా దగ్గరికి వచ్చాడు. ముఖం చూడకుండా చెప్పాడు. ఈ ఏడు కొత్త రూలు, ఆడవాళ్ల పోటీ లెక్కలోకి రావాలంటే ముగ్గురు ముగించినట్టు ఉండాలి. ఇద్దరే ఉంటే పోటీ జరగనట్టే, ఆ ఇద్దరికీ సర్టిఫికెట్లు రావు. అందుకని నీ పేరు మూడోదిగా రాస్తామంటున్నారు, సంతకం పెట్టు.

నేను నీళ్లు కూడా ముట్టలేదు సార్ అన్నాను.

"అది నాకెర్కే," అన్నాడు.

నేను పెట్టనన్నాను. వనపర్తిలో టెంటు విప్పుతున్న మనుషులు గుర్తొచ్చారు. అప్పుడు టైము రాసిన ఆయనే ఇప్పుడు ఈ టేబులు దగ్గర పెన్ను పట్టుకుని కూర్చున్నాడు. వచ్చినదాన్ని రాయని చేయి రానిదాన్ని రాస్తానంటోంది. పెట్టను గాక పెట్టనని చెప్పులేసుకుని బస్సు స్టాండు వైపు నడిచాను.

మొదటొచ్చిన పిల్ల వెనకాలే ఉరికొచ్చింది. తల నీళ్లలో పెట్టడానికి భయపడిన పిల్లే. చెమటకు ఒంటి మీద బట్టలు ఇంకా ఆరలేదు, పెదాలు తెల్లగా ఉన్నాయి.

"అక్కా, సంతకం పెట్టక్కా. నువ్వు పెట్టకుంటే మాది గూడ పోతది. సచ్చి బతికి వచ్చిన నేను."

ఎనిమిది నెలల కింద నేనూ అంతే గదా, అవతల ఒక్కరూ నా కోసం పెన్ను తీయలేదు. ఆ కోపం ఈ పిల్ల మీద తీర్చుకోవాలని ఒక్క నిమిషం నిజంగా అనిపించింది. నేను మంచిదాన్నని చెప్పుకోవడానికి ఇది రాయడం లేదు. ఆ పిల్ల కోసం వెనక్కి తిరిగానో, సోమవారం ఆఖరి రోజని తిరిగానో నాకే స్పష్టంగా తెలియదు. రెండూ కలిసే కాళ్లను తిప్పాయి. మూడో గీత మీద నా పేరు రాసి, పక్కన సంతకం చేశాను. టేబులు దగ్గరి ఆయన కాగితం ఇస్తూ కంగ్రాట్స్ అమ్మా అన్నాడు. అరటిపండు కూడా ఇచ్చాడు. తీసుకోలేదు.

సాయంత్రం ఇంటికి వచ్చాక నాయిన చేతులు కడుక్కుని, తువ్వాలుకు తుడుచుకుని ఆ కాగితం పట్టుకున్నాడు. అంత జాగ్రత్తగా పట్టు దారాన్ని తప్ప దేన్నీ పట్టుకోగా నేను చూడలేదు. అమ్మ అయితే వాకిట్లోనే మొదలుపెట్టింది, పక్కింటామెతో.

"సురకలు పనిజేసినయి సూడు. నీ నడుం నొప్పికి నువ్వు గూడ పో, నేను తోల్కపోత."

చెప్పాలని నోరు తెరిచాను. నాయిన ఆ కాగితంలో నా పేరు మీద వేలు పెట్టి, అక్షరం అక్షరం కూడబలుక్కుని చదువుతున్నాడు. నోరు మూసుకున్నాను. రాత్రి అమ్మే కట్టు విప్పి మళ్లీ పసుపు పూసింది. పుండ్లు చూసి, నీళ్లు తగిలినా ఏం కాలేదు, మంచి చెయ్యి ఆయనది అంది.

మర్నాడు పొద్దున దుకాణం తెరవగానే మూడు జిరాక్సులు తీయించి, గెజిటెడ్ సంతకం కోసం హైస్కూలు పెద్దసారు ఇంటికి వెళ్లాను. ఆయన చాయ తాగుతూ అసలు కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, మన గద్వాల పిల్లవేనా అని సంతోషపడ్డాడు. ఆకుపచ్చ పెన్ను మూత తీస్తూ, నాగర్‌కర్నూల్ చెరువు పెద్దది కదా, ఈదడానికి ఎంతసేపు పట్టిందని అడిగాడు.

"పదిహేడు నిమిషాలు సార్," అన్నాను. అని, రెండో జిరాక్సు ఆయన చేతి కిందికి జరిపాను.