పచ్చిపిండి పిజ్జా, ఫస్ట్ క్లాస్ సర్వీస్

"మద్దిలో పిండి పళ్లకి అంటుకుంతంది, ఏటమ్మా ఇది?" అని ఆంటీ అడిగేసరికి నేను వాళ్ల గ్లాసుల్లో నీళ్లు పోస్తున్నాను. "పిజ్జా అలాగే ఉంటుందాంటీ, మెత్తగా" అని నవ్వుతూ చెప్పేశాను.

అది 1998. రాయపూర్‌లో కొత్తగా పెట్టిన పిజ్జా రెస్టారెంట్లో నేను వెయిట్రెస్‌ని. పదో క్లాసు చదువుకి దొరికిన మొదటి ఉద్యోగం. మూడు నెలలు ట్రయల్, అంటే పని చూసి ఉంచుకోవడమో, ఇంటికి పంపడమో. ఆ రోజుతో అవి పూర్తి. మర్నాడు పొద్దున్నే మేనేజర్ సార్ తేలుస్తారు. కస్టమర్లు వెళ్తూ రాసే ఫీడ్‌బ్యాక్ కార్డులే మా భవిష్యత్తు.

ఆ ముగ్గురూ మా ఊళ్లోనే ఉన్న భన్‌పురి నుంచి వచ్చారు. కూతురు పన్నెండో క్లాసు పాసైనందుకు అంకుల్ పిజ్జా తినిపిస్తానన్నారట. వాళ్ల మాటలు విని నేను తెలుగులో పలకరించగానే ఆంటీ మొహం వెలిగిపోయింది.

"ఓలమ్మ, మన పిల్లే! మీదే ఊరు?"

"మా నాన్నది బొబ్బిలండీ. నేను ఇక్కడే పుట్టాను."

ఇంకేముంది, కుర్చీలు జరిపాను, ఫోర్కు పట్టడం నేర్పాను, అడక్కుండానే ఐసు తెచ్చాను. పిజ్జా మాత్రం అంచు మాడి, నడుమ పచ్చిగా వచ్చింది.

"రొట్టి మీద టమాటా పచ్చడి రాసి చీజు అతికించేరే!" అన్నారు అంకుల్.

"ఊరుకోండి, పిల్ల వింతాది" అని ఆంటీ కసిరారు.

కూతురు రెండు ముక్కలు సాసులో ముంచి మింగింది. చివరికి మెల్లగా, "అమ్మా, ఘర్‌లో అన్నం ఉందా?" అంది.

అంకుల్ కార్డు మీద "సర్వీస్ ఫస్ట్ క్లాస్" అని రాశారు. ఫుడ్ దగ్గర ఖాళీగా వదిలేశారు.

"అది కూడా రాయండి అంకుల్."

"రాస్తే ఆ మాట నీకే తగుల్తాదమ్మా. వద్దులే."

వాళ్లు వెళ్లాక ఆ ఎంగిలి ప్లేట్లు తీస్తుంటే సిగ్గేసింది. నేను అప్పటిదాకా పిజ్జా ముక్క నోట్లో పెట్టి ఎరగను. మేమంతా ఇంటి నుంచి అన్నం డబ్బాలు తెచ్చుకునేవాళ్లం. "మెత్తగా ఉంటుంది" అన్నది ట్రైనింగులో బట్టీపట్టిన మాట. నా నవ్వు చూసి వాళ్లు ప్లేటు వెనక్కి పంపలేకపోయారు. వడ్డించే చేతికి రుచి తెలియకపోతే మర్యాద కూడా అబద్ధమే అవుతుందని ఆ రోజు తెలిసింది.

మర్నాడు పొద్దున్న అందరికంటే ముందు వెళ్లాను. వంట చేసే భయ్యా బేసులు, అంటే అడుగు రొట్టెలు, పొద్దున్నే సగం కాల్చి పెట్టి, ఆర్డర్ వచ్చాక పైపైన వేడి చేస్తాడు. రోజూ ఎలా చేస్తాడో అలాగే ఒకటి చెయ్యమన్నాను. నడుమ ముక్క కొరికాను. పిండి అంగిట్లో అతుక్కుపోయింది.

మేనేజర్ సార్ నన్ను ఉద్యోగంలో ఉంచుకునే కాగితం మీద సంతకం పెట్టబోతున్నారు. ప్లేటు ఆయన ముందుకి జరిపి, "సర్, పహలే ఏక్ టుక్డా ఖాయియే" అన్నాను, ముందు ఒక ముక్క తినమని. ఆయన నమిలి మింగేదాకా అక్కడే నిలబడ్డాను.