అందుగు కొండ మీది నీలిపొగ

మొన్న మా మనవరాలు కాలేజీ పాఠానికని ఏవో కొండల ఫోటోలు ముందేసుకుని, అడవిలో ఉద్యోగం చేసినవాడివి కదా తాతయ్యా, ఈ నీలిపొగ ఏమిటో చెప్పుకో చూద్దామంది. మళ్ళీ తనే నవ్వి, చెట్లు వదిలే ఆవిరులు ఎండకీ గాలికీ మార్పు చెంది కంటికి ఆననంత సన్నని రేణువులవుతాయనీ, వెలుగు వాటికి తగిలి చెదిరితే కొండ నీలంగా కనబడుతుందనీ, మబ్బులోని నీటిబొట్టు సైతం ఒక్కోసారి అలాంటి రేణువు చుట్టూనే పేరుకుంటుందనీ విడమరిచి చెప్పింది. తలూపి వరండాలోకి వెళ్ళిపోయాను.

ఎనభైల్లో, మాచర్ల అవతల కొండల కింద గార్డుగా చేరిన కొత్తలో, నా గది పక్క ఇంట్లో ఒక బాబాయీ పిన్నీ ఉండేవారు. రక్తసంబంధం కాదు, కలుపుకున్న వరస. బాబాయి పర్మిట్టు మీద కొండెక్కి అందుగు చెట్ల జిగురు తెచ్చి అమ్ముకునేవాడు. ఆయన గోతం విప్పితే వాడంతా సాంబ్రాణి వేసినట్టుండేది. నాకు వంట రాదని పిన్ని రోజూ సాయంత్రం జొన్నరొట్టే, ఇంత పప్పో పచ్చడో పంపేది.

వానలు వెలిసి ఎండ చురుక్కుమంటున్న ఒక మధ్యాహ్నం, కొత్తగా వచ్చిన మా ఆఫీసరు జీపు దిగి, కొండ మీది నీలిపొగ చూపించి, ఆ బొగ్గుల బట్టీ ఎవడిదన్నాడు. ఆ నీలాన్ని నేను రోజూ చూస్తున్నవాణ్ణే, అదేమిటని ఏనాడూ అడిగిన పాపాన పోలేదు. కాపలా కాయకుండా నిద్రపోతున్నానంటాడేమోనన్న భయంతో, రోజూ ఆ కొండెక్కే మనిషి ఒక్కడేనని బాబాయి పేరు చెప్పేశాను.

పిలిపిస్తే వచ్చి, భుజం మీది కండువా చేతిలోకి తీసుకుని నిలబడ్డాడు.

"అది పొగ కాదయ్యా. వాన ఎలిసి ఎండ కాసిందంటే చెట్ల వాసన పైకి లేసి అట్టా నీలంగా కమ్ముద్ది. మా నాయన కాడి నుంచీ చూస్తన్నాం."

ఆఫీసరు కంటే ముందు నవ్వింది నేను. పర్మిట్టూ గొడ్డలీ అక్కడికక్కడే తీసేసుకున్నారు.

బూడిద ఎక్కడుందో చూసి రమ్మంటే మర్నాడు నేనే కొండెక్కాను. మధ్యాహ్నం దాకా వెతికినా బట్టీ లేదు, బూడిద లేదు, కాలిన కొమ్మైనా లేదు. నేను నిలబడ్డ చోట పొగ జాడే లేదు గానీ, అందుగు వాసన మాత్రం గుప్పుమంటోంది; లోయకి అవతల, మనిషి అడుగుపెట్టని కొండ కూడా అదే నీలంలో మునిగి ఉంది. బాబాయి మాట నిజమని అక్కడే అర్థమైంది. కిందికి దిగి, ఆనవాళ్ళు చెరిపివేయబడినవని రాసిచ్చాను. కొత్త ఉద్యోగిని, తప్పు పేరు చెప్పానని ఎలా ఒప్పుకోనని ఆనాడు నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

ఆ సాయంత్రం పళ్ళెం పిన్నే తెచ్చింది.

"కొండెక్కొచ్చావంటగా. బూడిద కనపడిందా?"

"లేదు పిన్నీ."

"ఆ మాట మీ సారుతో అన్నావా?"

నేను చెయ్యి చాపి పళ్ళెం అందుకున్నాను. ఆవిడ "తిను. ఆరిపోద్ది" అని వెళ్ళిపోయింది. మళ్ళీ ఆ ఇంటి నుంచి పళ్ళెం రాలేదు.

బాబాయి ఆ వయసులో నాపరాళ్ళ క్వారీకి పనికి వెళ్ళాడు. ఏడాది తిరక్కముందే పాదం మీద బండ పడి కుంటివాడయ్యాడు. అయినా ఎదురుపడితే, "ఏం అబ్బాయ్, బాగుండావా" అని ఆయనే ముందు పలకరించేవాడు. ఆ పలకరింపు తప్పించుకోవడానికి నేను వేరే వీధి గుండా తిరిగి వెళ్ళేవాణ్ణి. తర్వాత బదిలీ అయింది, ప్రమోషనూ వచ్చింది.

ఈమధ్య ఆ దారిన బస్సులో వెళ్ళాను. అందుగు చెట్లు పల్చబడ్డాయి, క్వారీ లారీల దుమ్ముకి కొండ తెల్లగా పాలిపోయి ఉంది. ఏది దుమ్మో, ఏది చెట్ల ఊపిరో వాసన పట్టి చెప్పగల మనుషులు ఇప్పుడు ఆ ఊళ్ళో లేరు. బాబాయీ లేడు, పిన్నీ లేదు. ఆ రోజుల్లో ఇవన్నీ ఎవరికి తెలుసులే అని మన ఈడువాళ్ళం చాలా వాటికి అనుకుంటూ ఉంటాం. నాకు ఆ మాట అనుకునే వీల్లేదు. నాకు మర్నాటికే తెలుసు.