వదిన ఎక్కడ నిలబడాలి

కోచ్ మా వదినకు రెండు వారాల గడువిచ్చింది. ఈలోగా ఆమె ఎదుటివాళ్ల కాళ్లు పట్టి లాగడం మానుకోవాలి. లేదా అలా లాగే అవసరమే రాని చోటు ఒకటి మైదానంలో ఆమెకు దొరకాలి. రెండూ కాకపోతే, జెద్దా నుంచి వచ్చే జట్టుతో ఆడే తొమ్మిది మందిలో వదిన ఉండదు.

ఆట పేరు ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్. సౌదీలోని యాన్బుకు వచ్చేదాకా అలాంటి ఆట ఒకటుందని మా ఇంట్లో ఎవరికీ తెలియదు. బంతి కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. దాన్ని చేత్తో పట్టుకుని పరుగెత్తవచ్చు, కాలితో తన్నవచ్చు, పిడికిలితో కొట్టి పక్కవాళ్లకు అందించవచ్చు. మైదానానికి రెండు చివర్లా నాలుగేసి స్తంభాలుంటాయి. నడిమి రెండింటి మధ్య నుంచి తన్నితే ఆరు పాయింట్లు, పక్క సందుల్లోంచి పోతే ఒకటి. బంతి చేతిలో ఉన్న మనిషిని పట్టి ఆపవచ్చు, కానీ భుజాలకూ మోకాళ్లకూ మధ్యే పట్టుకోవాలి. మోకాలి కింద చెయ్యి వేస్తే తప్పు. అప్పుడు ఎదుటి జట్టుకు ఎవరూ అడ్డురాని ఫ్రీ కిక్ దొరుకుతుంది.

వదిన చెయ్యి మోకాలి కిందికే పోయేది. అనంతపురంలో కాలేజీ రోజుల్లో ఆమె కబడ్డీ ఆడింది, జిల్లా జట్టుకు కూడా. ఎడమ కార్నర్ ఆమెది. కూతకు వచ్చిన అమ్మాయి ముట్టేసి గీత వైపు తిరిగే క్షణంలో వెనక నుంచి చీలమండ దొరకబుచ్చుకుని నేలకు దించడం కార్నర్ పని. ఆ పట్టు కుదరడానికి ఆరేళ్లు పట్టిందని చెప్పేది.

మా అన్న ఇక్కడ ఒక ప్లాంటులో కాంట్రాక్టు టెక్నీషియన్. నేను ఒక క్లినిక్‌లో వచ్చినవాళ్ల ఇకామాలు, అంటే ఇక్కడ ఉండేందుకిచ్చే అనుమతి కార్డులు, చూసి ఫైళ్లు తెరుస్తాను. వదిన మాత్రం మూడేళ్లుగా ఇంట్లోనే ఉంది. ప్రాక్టీసుకు మనుషులు చాలడం లేదు రమ్మని క్లినిక్‌లోని ఫిలిప్పీన్స్ నర్సు నన్ను పిలిచింది. నలుగురి మధ్య నిలబడాలంటేనే నాకు అరచేతులు తడుస్తాయి. కాదనే ధైర్యం కూడా లేక, నా బదులు వదినను తీసుకెళ్లాను. మొదటి సాయంత్రమే ఆమె ఇద్దరు దక్షిణాఫ్రికా టీచర్లను కింద పడేసింది. తిరిగి వచ్చేటప్పుడు టాక్సీలో, ఈ మూడేళ్లలో నాతో మాట్లాడిన మాటలన్నీ కలిపినా సరిపోనంత మాట్లాడింది. తర్వాతి శుక్రవారమే అన్నతో షరఫియా బజారుకు వెళ్లి బూట్లు కొనుక్కుని వచ్చింది.

కోచ్ ఆస్ట్రేలియా ఆవిడ. విదేశీ పిల్లల బడిలో వ్యాయామం నేర్పుతుంది, ఆ బడి మైదానంలోనే మా ప్రాక్టీసు. నా చేతిరాత చూసి నాకు స్కోరు రాసే పని అప్పగించింది. ఐస్‌పెట్టె మీద కూర్చుని కాగితం మీద స్కోరు వేసేదాన్ని, ఒళ్లోని నోటుబుక్కులో నా డైరీ రాసుకునేదాన్ని. డైరీ తెలుగులో. అక్కడ తెలుగు చదవగలిగేది వదిన ఒక్కతే, ఆమె నా పుస్తకాల జోలికి ఎన్నడూ రాలేదు. అందుకే ఏదీ దాచకుండా రాసేదాన్ని.

వదినను ఎక్కడ నిలబెట్టినా ఆడేది. అదే చిక్కు తెచ్చింది. ఒక చోటే చేతనైన మనిషికి ఆ చోటు ఇస్తే సరిపోతుంది. వదినను కోచ్ మొదట ఫుల్ బ్యాక్‌గా పెట్టింది. అంటే గోలు ముందు చివరి మనిషి, అవతలి జట్టులో గోల్స్ కొట్టే పొడుగమ్మాయిని అంటిపెట్టుకుని ఉండాలి. వదిన ఆమెను ఊపిరాడనివ్వలేదు. కానీ ఒకసారి ఆ అమ్మాయి బంతి అందుకుని చటుక్కున తిరిగి పరుగు తీసింది. వదిన వంగి కాలు పట్టింది. స్తంభాల ముందే ఫ్రీ కిక్, ఆరు పాయింట్లు. తర్వాత ఆమెను పక్క మూలకు మార్చారు, అక్కడా ఇదే జరిగింది. ఇంకాస్త ముందుకు, హాఫ్ బ్యాక్ వరసలో ఒక చురుకైన సౌదీ కాలేజీ అమ్మాయి మీదికి మార్చారు. ఆ రోజు ఆరేడు బంతులు లాక్కుంది, చివర్లో మళ్లీ కాలు పట్టింది. ఆ తర్వాతి ప్రాక్టీసులో ఆమె పట్టుకు మమ్మల్ని పిలిచిన నర్సుదే చీలమండ మెలిపడింది. ఆమె వారమంతా కుంటుతూ వార్డులో తిరుగుతుంటే నేను రిసెప్షన్ కిటికీ వెనక తల దించుకుని ఫైళ్లు చూస్తూ కూర్చున్నాను.

కోచ్ గడువు పెట్టింది అప్పుడే. ఆమె కేకలు వేయలేదు. నిదానంగా, వదినకు అర్థమయ్యేలా చిన్న చిన్న మాటల్లో చెప్పింది. వదిన తలూపింది. ఇంటికి వచ్చాక రెండు రోజులు అన్నం సరిగా తినలేదు.

మూడో రోజు సాయంత్రం హాల్లో సోఫా గోడకు జరిపి, అన్నను పరుగెత్తమంది. ఎదురుగా వస్తే నడుం దగ్గర పట్టేది, బాగానే ఉండేది. అన్న తప్పించుకుని వంటింటి వైపు తిరిగాడో లేదో, ఆమె చెయ్యి నేలకు పోయేది. రెండుసార్లు పడ్డాడు. మూడోసారి టీపాయ్ అంచుకు మోకాలు తగిలింది.

"పెండ్లయిన ఇన్నేండ్లకు నా కాళ్లు పట్టుకుంటాంది సూడుమ్మీ," అన్నాడు నాతో, నేల మీద కూర్చునే. "వచ్చే వారం నాకు మెడికల్ ఉంది. కుంటుకుంటా పోతే ఇకామా రెన్యూ చేయరంట, చెప్పు మీ వదినకు."

వదిన నవ్వలేదు. "ఇంగోసారి లెయ్," అంది.

నేను చూస్తూనే ఉన్నాను. ఎదురుగా వచ్చినప్పుడు నడుం, వీపు కనపడితే కాలు. ప్రతిసారీ అంతే.

మర్నాడు ఉదయం క్లినిక్ కిటికీ తెరవడానికి ముందు డైరీ తీసి వెనక నుంచి చదువుకుంటూ వచ్చాను. అన్నీ నా వాక్యాల్లోనే ఉన్నాయి. 'పొడుగమ్మాయి తిరిగి ఉరికింది, వదిన కాలు పట్టింది.' 'సౌదీ అమ్మాయి దాటిపోయింది, వదిన కాలు పట్టింది.' 'నర్సు తప్పించుకుని పోతుంటే.' ఎదురుగా వచ్చిన మనిషి కాలు వదిన పట్టినట్టు ఒక్క చోటా లేదు. మూడు చోట్లు మార్చి కోచ్ వెతికింది, గోలుకు ఎంత దూరంలో నిలబెట్టాలా అని. కానీ ఆ మూడు చోట్లా వదినకు ఒక మనిషిని అంటగట్టారు. ఆ మనిషి ఎప్పుడో ఒకప్పుడు వీపు చూపిస్తుంది. ఎవరినీ అంటగట్టకుండా, హాఫ్ బ్యాక్ వరసకు కొంచెం వెనక నడిమిలో వదిలేస్తే, బంతి పట్టుకొచ్చేవాళ్లంతా ఆమెకు ఎదురుగానే రావాలి.

తెలిసింది సరే, చెప్పాలి కదా. మంగళవారం ప్రాక్టీసులో పొద్దుగూకే వేళ మగ్రిబ్ నమాజుకు ఆట ఆపినప్పుడు కోచ్ ఒంటరిగా దొరికింది. దగ్గరికి వెళ్లాను. ఆమె నా వైపు తిరిగి ఏమిటన్నట్టు చూసింది. నీళ్లు అయిపోయాయని చెప్పి వచ్చేశాను. నిజానికి పెట్టె నిండా నీళ్లున్నాయి.

వదినకే చెప్పవచ్చు. చెబితే ఎలా తెలిసిందంటుంది. డైరీ చూపించాలి. అందులో ఆమె తప్పులు ప్రతి ఒక్కటీ తేదీ వేసి రాసి ఉన్నాయి.

మ్యాచ్‌కు ముందు చివరి ప్రాక్టీసు గురువారం. ఆట అయ్యాక కోచ్ ఐస్‌పెట్టె మూత మీద నీళ్ల సీసాల మూతలు పేర్చి, ఎవరు ఎక్కడో చూపించడం మొదలుపెట్టింది. అందరూ చుట్టూ చేరారు. పెట్టె మీద నుంచి లేచిన నేను పక్కకు పోవడానికి చోటులేక అక్కడే ఇరుక్కున్నాను. ఫుల్ బ్యాక్ చోట టీచర్లలో ఒకామెకని ఒక మూత పెట్టింది. తర్వాత వదినదని ఇంకో మూత చేతిలో తిప్పింది. మూలలో పెట్టింది, తీసింది. ముందు వరసలో పెట్టింది, తీసింది. చివరికి మైదానం బయట అన్నట్టు పెట్టె అంచు మీద పెట్టి, వదిన వైపు చూసి సారీ అంది.

వదిన బూటు లేసు విప్పడం మొదలుపెట్టింది.

నా చెయ్యి నాకు తెలియకుండానే ముందుకు పోయింది. ఆ మూతను వేలితో జరిపి హాఫ్ బ్యాక్ వరస వెనక, నడిమిలో పెట్టాను. అందరూ నన్ను చూశారు. ఎందుకు అక్కడ అని కోచ్ అడిగింది. జవాబుగా నోటుబుక్కు తెరిచి ఆమె ముందు పెట్టాను. ఆమె పేజీలు తిప్పి, తనకు ఈ అక్షరాలు రావని నవ్వింది.

వదిన లేచి వచ్చి పుస్తకం అందుకుంది.

మొదటి పేజీ నిలబడే చదివింది. రెండో పేజీకి ఆమె మెడ మీద నరం కనిపించింది. మూడో పేజీలో ఏముందో నాకు గుర్తుంది. నర్సుకు దెబ్బ తగిలిన రోజు రాసింది: 'వదినకు ఈ ఆట ఎప్పటికీ రాదేమో. ఆమెకు చెప్పేవాళ్లెవరు?' వదిన ఆ పేజీ దగ్గర చాలాసేపు ఆగింది. తర్వాత ఆ రెండు వాక్యాలు వదిలేసి, మిగతావన్నీ తనకు వచ్చిన ఇంగ్లీషులో కోచ్‌కు చెప్పింది. తన తప్పులు తనే, ఒక్కొక్కటీ, ఎవరు ఎటు పరుగెత్తుతుంటే పట్టిందో వేలితో మూతల మీద చూపిస్తూ.

కోచ్ మూతలు అటూ ఇటూ జరిపి చూసింది. ఆ చోటు కోసం ముందు వరసలో ఒకరిని తగ్గించాలని గొణిగింది. చివరికి ఒప్పుకుంది. ఒక్క షరతు పెట్టింది: మ్యాచ్‌లో ఒక్కసారి మోకాలి కింద చెయ్యి వేసినా బయటికి పిలిచేస్తుంది, మళ్లీ పంపదు.

టాక్సీలో వదిన డైరీ నా ఒళ్లో పెట్టింది. ఇల్లు వచ్చేదాకా కిటికీలోంచే చూసింది. మర్నాడంతా కూడా పనికి కావలసిన మాటలే. "ఉప్పు ఇటీ." "తలుపెయ్." కోపమో, సిగ్గో, మ్యాచ్ దిగులో నాకు తెలియలేదు. అన్న మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, టీవీ పెట్టుకున్నాడు.

శనివారం జెద్దా జట్టు బస్సులో వచ్చింది. నాలుగు భాగాల ఆట. మొదటి మూడు భాగాల్లో వదిన నిలబడ్డ చోటికి బంతి పట్టుకుని వచ్చిన ప్రతి ఒక్కరూ ఆమెకు ఎదురుగానే వచ్చారు, ఆమె నడుం దగ్గర పట్టి ఆపింది. ఒక్కసారి కూడా వంగలేదు. నేను స్కోరు కాగితం మీద గీతలు పెడుతున్నాను కానీ, నా కళ్లు ఆమె చేతుల మీదే ఉన్నాయి.

నాలుగో భాగం మొదలయ్యేసరికి మేము మూడు పాయింట్లు ముందున్నాం. అప్పుడు జెద్దా కోచ్ తన జట్టులో అందరికంటే వేగంగా పరుగెత్తే అమ్మాయిని పిలిచి చెవిలో ఏదో చెప్పింది. ఆ అమ్మాయి వచ్చి వదిన వెనక నిలబడింది. పక్కన కూడా కాదు, సరిగ్గా వెనక. ఎందుకో నాకు వెంటనే అర్థమైంది. వదినకూ అయింది. ఒక్కసారి నా వైపు చూసింది.

బంతి వదిన తల మీదుగా పోయింది. ఆ అమ్మాయి అందుకుని గోలు వైపు తిరిగింది. ఇక ముందు ఎవరూ లేరు, మా ఫుల్ బ్యాక్ పక్కకు వెళ్లిపోయి ఉంది. వదిన వెంటపడింది. రెండడుగుల దూరం, తర్వాత ఒక అడుగు. ఆమె వీపు వంగడం చూశాను. ఎడమ చెయ్యి కిందికి దిగింది, వేళ్లు విచ్చుకున్నాయి. నడుం అందదు, ఆ మడమ మాత్రం ఆమెకు ఎంత దగ్గరగా ఉందంటే, పట్టకపోవడమే కష్టం. గీత దగ్గర మా కోచ్ అప్పటికే, వదిన బదులు పంపడానికి, బయట కూర్చున్న అమ్మాయిని లేచి నిలబడమంది.

వదిన చెయ్యి అలాగే ఆగిపోయింది. తర్వాత పిడికిలి బిగిసింది, పైకి వచ్చింది. అదే వేగంలో నాలుగడుగులు ఊరికే పరుగెత్తి ఆగింది. ఆ అమ్మాయి తాపీగా నడిమి స్తంభాల మధ్య నుంచి తన్నింది.

ఆరు పాయింట్లు రాశాను. నా అంకె వంకరగా వచ్చింది.

లేపిన అమ్మాయిని కోచ్ మళ్లీ కూర్చోమంది. వదిన తన చోటికి తిరిగి వెళ్లింది. ఆ తర్వాత వెనక నిలబడ్డ అమ్మాయికి తనే వెనకగా జరిగి, మిగిలిన ఆటలో రెండు బంతులు ఆపింది. మావాళ్లు చివర్లో తన్నిన బంతి పక్క సందులోంచి పోయింది, ఒక్క పాయింటే. రెండు పాయింట్లతో ఓడిపోయాం.

అందరూ జెద్దా వాళ్లు తెచ్చిన ఖర్జూరాలు తింటూ ఫోటోలు దిగుతుంటే వదిన వచ్చి ఐస్‌పెట్టె మీద నా పక్కన కూర్చుంది. మోచేతి మీద దోక్కుపోయి రక్తం చెమ్మ కనిపిస్తోంది. సీసాలో నీళ్లు సగం తాగి, మిగతావి చేతి మీద పోసుకుంది.

"రాసినావా?" అంది.

"స్కోరా?"

"నీ పుస్తకంలోమ్మీ."

ఇంకా లేదన్నాను. ఏం రాయాలని అడిగాను.

"కాలు అందింది. ఇడిసిపెట్టినాను. అట్ల రాయి." సీసా మూత బిగిస్తూ, "కబడ్డీలో అట్ల ఇడిసిపెట్టింటే మా సారు నన్ను ఇంటికి పంపుతుండె," అంది.

నోటుబుక్కు తెరిచాను. గాలికి పేజీలు తిరిగి, నర్సుకు దెబ్బ తగిలిన రోజు పేజీ దగ్గర ఆగాయి. ఆ రెండు వాక్యాలు ఇద్దరికీ కనిపించాయి. నేను పెన్ను తీసి వాటి మీద గీత పెట్టబోయాను.

వదిన నా మణికట్టు పట్టుకుంది. ఆమె పట్టు ఎంత గట్టిదో నాకు అప్పుడే తెలిసింది.

"కొట్టేయొద్దు," అంది. "ఉండనీ. దాని కిందనే రాయి."

అడుగున రెండు వరసల జాగా ఉంది. రాసినంతసేపూ ఆమె నా భుజం మీదుగా చూస్తూనే ఉంది.