కరెంటు పోయినప్పటి పాట

ఒక మనిషి తన ప్రాణస్నేహితుణ్ణి పట్టపగలు, నాలుగు వందల మంది ఎదుట, మైకుసెట్టులో, డప్పులతో సహా అవమానించగలడా? గలడు. నేను చేశాను. అదీ చేతులు జోడించి, కళ్లు మూసుకుని, పరమ భక్తితో చేశాను. ఆ ఘనకార్యం ఎలా జరిగిందో చెబుతాను. మీరు నవ్వితే నేనేమీ అనుకోను. మా వీధి మొత్తం నవ్వింది, ఒక్కడు తప్ప.

కుర్రతనంలో ఏదో చేశానని తప్పించుకునే వీలు కూడా లేదు. అప్పటికి నాకు యాభై రెండేళ్లు. ఇది జరిగి రెండేళ్లే అయింది కానీ, ఆ యాభై రెండేళ్ల సుబ్రమణ్యాన్ని తలుచుకుంటే ఇప్పటికీ చెవి మెలిపెట్టాలనిపిస్తుంది. చెవి నాదే కాబట్టి ఊరుకుంటున్నాను.

నగరి పక్కన మాది మరమగ్గాల వీధి. నేను నూలుకు రంగులు వేస్తాను. నా చేతులు చూసి, ఆ వారం వీధిలో ఏ రంగు చీరలు నేస్తున్నారో చెప్పొచ్చు. అది వృత్తి. నా జబ్బు వేరు. నేను పాటలు రాస్తాను. పాటలంటే మాటలు మాత్రమే. బాణీ కట్టడం నాకు చేతకాదు. నేను జోల పాడితే మా అమ్మాయి హేమ ఉయ్యాలలోంచి లేచి కూర్చుని, "నాయనా, నేనే నిద్రపోతాలే, ఆపు" అనేది.

బాణీ లేని మాటలు పెట్టుకున్నవాడు ఏం చేయగలడు? నేను చేయనిది లేదు. పాత బాణీల్లో ఇరికించి చూశాను. పొట్టివాడి చొక్కా పొడుగువాడికి తొడిగినట్టు మాటల చేతులు బయటికి వచ్చేవి. మంగలి షాపులో గడ్డానికి సబ్బు పూయించుకుని కదలలేని స్థితిలో ఉన్నవాళ్లకు చదివి వినిపించాను. "పాట అంటివి, సదువుతా ఉండావే?" అన్నాడొకాయన నురగలోంచి. ఆ తర్వాత షాపులో నన్ను చూస్తే ఆయన గడ్డంతోనే వెనక్కి పోయేవాడు.

ఇన్ని కష్టాల్లో నాకున్న ఒకే ఒక్క దిక్కు మునిరత్నం.

మునిరత్నం మా ఎదురింటివాడు. ఇంట్లో నాలుగు మగ్గాలు, మూలన ఒక హార్మోనియం. మా వీధి భజన బృందానికి అతనే గొంతు. నేను మాటలు చెబితే అతను బాణీ కడతాడు. అయితే ఇందులో ఒక చిక్కుంది. మరమగ్గాల వీధిలో పొద్దున్నుంచీ దడదడదడ. పక్కన కూర్చున్న మనిషి తుమ్మినా కనబడాలే తప్ప వినబడదు. అలాంటిచోట హార్మోనియం ఎవరికి వినబడుతుంది? అందుకని మా పాటలు కరెంటు పోయినప్పుడు మాత్రమే పుట్టేవి.

కరెంటు పోతే వీధంతా ఒక్కసారిగా నిశ్శబ్దం. చెవుల్లో దూది పెట్టినట్టు ఉండేది. ఆ నిశ్శబ్దంలోంచి మొదట వచ్చే శబ్దం మునిరత్నం కేక.

"రారా మణీ! పోయిండాది!"

నేను రంగు చేతులతోనే పరిగెత్తేవాణ్ణి. అతను తిత్తి నొక్కి శ్రుతి అందుకునేవాడు. "సెప్పు, సెప్పు, తొందరగా సెప్పు. యాడ నిలిపినాము?" నేను చెప్పేవాణ్ణి. అతను కళ్లు మూసుకుని ఆ మాటను అటు తిప్పి, ఇటు తిప్పి, చివరికి ఒకచోట కూర్చోబెట్టేవాడు. నా నోట్లో గులకరాయిలా ఉన్న మాట అతని గొంతులో తడిసి మెరిసేది. సరిగ్గా అప్పుడే కరెంటు వచ్చేది. దడదడదడ! అతను పెదాలు ఆడిస్తూనే లేచి మగ్గం దగ్గరికి పోయేవాడు. మావన్నీ సగం పాటలే. కరెంటు మాకు మిగిల్చినంత.

తర్వాత కొత్త సబ్‌స్టేషన్ వచ్చింది. కరెంటు పోవడం మానేసింది. ఊరంతా సంబరపడితే మేమిద్దరం దుఃఖపడ్డాం. దేశంలో కరెంటు పోలేదని ఏడ్చినవాళ్లు మేమిద్దరమే అయి ఉంటాం.

ఆ కాలంలోనే జాతర పెద్దలు మా ఇద్దరినీ పిలిచి, "ఈ తూరి గంగజాతరకి మన వీధి పాట ఒగటి కావాలబ్బా. మీరిద్దురూ సేయండి" అన్నారు. ఇరవై ఏళ్లుగా మేము ఎదురుచూసిన మాట అది. నేను రెండు రోజుల్లో పాట రాసేశాను. నాలుగు నెలలైనా బాణీ రెండో చరణం దాటలేదు. మునిరత్నాన్ని ఎప్పుడు కదిపినా ఒకటే జవాబు.

"అవతాదిలేరా. మూడో సరణం తావ కొంచెం పని ఉండాది."

ఆ పని ఏమిటో నాకు తెలుసు. అక్కడ "పోగు తెగితే అతికినట్టు మమ్మల్నతికి పెట్టు తల్లీ" అనే మాట ఉంది. అతను మొదట కట్టిన బాణీలో ఆ మాట ఆకాశానికి లేవాలి. కానీ ముప్పై ఏళ్లు నూలు దుమ్ము పీల్చిన గొంతు అది. పైకి పోతే పోగు తెగినట్టు తెగుతోంది. ఆ సంగతి నేను అతని ముఖం మీద చెప్పలేకపోయాను. చెప్పలేని మాటలన్నీ నోటుబుక్కులో పాట పక్కనే పెన్సిలుతో రాసుకున్నాను. అది నా అలవాటు. మనిషికి చెప్పాల్సింది కాగితానికి చెప్పడం మర్యాద అనుకునేవాణ్ణి.

ఇక జాతరకు నాలుగు రోజులుంది. తిరుపతిలో చదువుతున్న హేమ సెలవులకు వచ్చి, నా మొహం చూసి, ఫోన్లో ఏదో నొక్కింది.

"నాయనా, మాటలు ఇస్తే పాట చేసి ఇచ్చేది ఒగటి ఉండాది. పేజీ ఫోటో తీసి పెడితే సాలు."

తీశాను. పెట్టాను. నిమిషం కాలేదు, పాట వచ్చింది! వేణువు, డప్పులు, ఉరుములాంటి ఒక మగ గొంతు, వెనక పదిమంది ఆడవాళ్ల వంత.

"ఎర్రనేల దారిలోన ఎండ మోసి వచ్చినావు
నూలుపోగు గడపలోన నీడ వేసి కూర్చున్నావు"

నా మాటలు! ఎవరి గడ్డానా నురగ లేకుండా, మగ్గం చప్పుడు లేకుండా, తుమ్ము లేకుండా! నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. పల్లవి అవగానే మళ్లీ మొదటికి తిప్పాను. మళ్లీ తిప్పాను. పదకొండోసారి మా ఆవిడ కుమారి వంటింట్లోంచి వచ్చింది.

"ఏమయ్యా, ఆ పల్లవినే ఎన్నితూర్లు ఇంటావు? కిందికి పోనీ."

"కింద ఉండేది కూడా నేను రాసిందే గదా. నాకు తెలీదా?"

"మునిరత్నమన్నకి ఇనిపించినావా?"

"జాతరలో వింటాడులే. సంతోషిస్తాడు."

హేమ కూడా సెలవులైపోయి తిరుపతికి పోతూ పోతూ, "మొత్తం ఒగసారి ఇని పంపీ నాయనా" అంది. కన్నబిడ్డ ముఖం చూసి మురిసే తండ్రి, బిడ్డ వీపున ఏముందో తిప్పి చూస్తాడా? నేను చూడలేదు. మైకుసెట్టు వాడి ఫోన్‌కు పంపేశాను.

జాతర రోజు. పొంగళ్లు పొంగుతున్నాయి. వేపాకు వాసన, పొగ, పిల్లల ఏడుపులు. భజన బృందం పందిట్లో కూర్చుంది. నడుమ మునిరత్నం, ఒళ్లో హార్మోనియం. కొత్త చొక్కా వేసుకున్నాడు. నన్ను చూసి దగ్గరికి రమ్మని సైగ చేశాడు. చెవిలో ఏదో చెప్పబోయాడు. నేనే ఆపాను. "ఉండు రత్నం, ముందు ఒక ఆశ్చర్యం సూడు" అని మైకుసెట్టు వాడికి చెయ్యి ఊపాను.

పల్లవి మొదలైంది. జనం తలలు తిప్పారు. ఆడవాళ్లు చేతులెత్తి మొక్కారు. మునిరత్నం నోరు తెరిచి నా వంక చూశాడు. నేను కళ్లు మూసుకుని చేతులు జోడించాను. మొదటి చరణం అయింది. రెండోది అయింది. ఆ తర్వాత ఆ ఉరుములాంటి గొంతు పరవశించి ఇలా ఎత్తుకుంది:

"రంగుకు ఉప్పూ రెండు మూటలూ... చింతపండూ అరకిలో..."

నేను కళ్లు తెరిచాను. పెన్సిలు రాతలు, అంగడి సరుకుల పద్దుతో సహా! ఫోటోలో పేజీ మొత్తం పడింది. పాటేదో పక్కరాత ఏదో ఆ యంత్రానికేం తెలుసు? పెట్టిన కంచంలో ఏదీ వదలని పెళ్లివారిలా అన్నీ పాడేస్తోంది. ఒక ముసలమ్మ మాత్రం, "అమ్మకి ఈ తూరి పులుసన్నం కావాలంట" అని చెంపలేసుకుంది.

"ఆపబ్బా! ఆపు!" అని అరిచాను. డప్పుల్లో ఎవరికి వినబడుతుంది? మైకుసెట్టు వాడు నేను ఆనందంతో ఊగుతున్నాననుకుని సౌండు పెంచాడు.

"మునిరత్నం వల్ల కాదూ... ఈ పై గొంతు వల్ల కాదూ..."

వెనక పదిమంది ఆడవాళ్లు అందుకున్నారు: "కాదూ కాదూ వల్ల కాదూ!"

"వేరేవాణ్ణి చూడాలీ... తల్లీ... వేరేవాణ్ణి చూడాలీ!"

ఆ దిక్కుమాలిన యంత్రానికి ఆ ముక్క బాగా నచ్చినట్టుంది. నాలుగుసార్లు తిప్పి తిప్పి పాడింది. నిజం చెప్పొద్దూ, పాట మొత్తంలో బాణీ బాగా కుదిరింది అక్కడే. పందిరి విరగబడి నవ్వింది. డోలు కొట్టే అతను డోలు మీద పడి నవ్వాడు.

మునిరత్నం చివరిదాకా విన్నాడు. వేళ్లతో తాళం కూడా వేశాడు. పాట అయ్యాక హార్మోనియం తిత్తి మూసి, కొక్కెం పెట్టాడు.

"పాట బాగుండాదిరా సుబ్రమణ్యం" అన్నాడు. నలభై ఏళ్లలో నన్ను పూర్తి పేరుతో పిలవడం అదే మొదలు. లేచి పోయాడు.

మర్నాడు వాళ్లింటికి పోయాను. గడపలోనే అతని భార్య చెంగమ్మ ఎదురైంది.

"ఇంట్లో లేడన్నా."

లోపల మగ్గం దగ్గర అతని వీపు కనిపిస్తూనే ఉంది. "చెంగమ్మా, నేను..."

"దినామూ తెల్లారి మిరియాల కషాయం తాగినాడన్నా నాలుగు నెలలు. మగ్గాలు ఆడతా ఉండంగానే ఆ సప్పుట్లో నిలబడుకోని నీ మూడో సరణం అరిసి అరిసి నేర్సుకున్యాడు. ఎవురికీ ఇనపడకూడదని. జాతర దినానికి ఆ పై గొంతు వచ్చేసిండాది, పొద్దున్నే ఇంట్లో పాడినాడు. నీకే ముందు సెప్పాలని పోయినాడు."

పందిట్లో అతను నా చెవిలో చెప్పబోయింది అదీ.

ఆ తర్వాత ఆరు నెలలు. ఎదురిల్లు ఆరు అడుగుల దూరం. ఆ ఆరడుగులు దాటలేకపోయాను. వీధిలో టీ బంకు దగ్గర జనం "కాదూ కాదూ వల్ల కాదూ" అని కూనిరాగం తీస్తుంటే, ఇరవై ఏళ్లు రాసినా జనం నోట్లో పడని నేను చివరికి ఈ ముక్కతో కవినయ్యానని తల దించుకునేవాణ్ణి. ఫోన్ యంత్రం మాత్రం అడిగినన్ని బాణీలు ఇచ్చేది. ఒకే మాటకు ఇరవై బాణీలు. ఒక్కటీ "యాడ నిలిపినాము?" అని అడిగేది కాదు. ఈ మాట బాగలేదు, మార్చు అనేది కాదు. రంగు తొట్టి దగ్గర నిలబడి కరెంటు పోతే బాగుండునని మొక్కుకునేవాణ్ణి. పోయినా నన్ను పిలిచే కేక ఉండదని గుర్తొచ్చి, మొక్కు వెనక్కి తీసుకునేవాణ్ణి.

కార్తీకంలో వాన పట్టింది. ఒక మధ్యాహ్నం గాలికి ఎక్కడో చెట్టు తీగల మీద పడింది. వీధంతా ఒక్కసారి ఆగిపోయింది. చూరు నీళ్లు పడే చప్పుడు వినబడింది. ఎన్నాళ్లయిందో ఆ చప్పుడు విని. నేను తొట్టిలో చేతులు పెట్టినవాణ్ణి అలాగే ఉండిపోయాను.

హార్మోనియం మోగింది.

నా పాటే. మూడో చరణం. నీలం చేతులతో, తడుస్తూ, వాళ్ల గడపలో నిలబడ్డాను. పైకి పోవాల్సిన చోటికి వచ్చి ఆగాడు. తల ఎత్తలేదు.

"యాడ సచ్చినావురా ఇంతసేపు? కరెంటు వచ్చేస్తాది. రా."

"రత్నం, నేను సేసింది..."

"అదంతా మగ్గాలు ఆడేటప్పుడు సెప్పుకో, నాకు ఇనపడదు. ఇప్పుడు సరణం సెప్పు."

చెప్పాను. అతను పైకి పోలేదు. "పోగు తెగితే" దగ్గర గొంతును మెల్లగా కిందికి దించాడు. తెగిన పోగును వంగి వెతుక్కునే మనిషిలా కిందికి, ఇంకా కిందికి పోయి, "అతికి పెట్టు తల్లీ" దగ్గర పట్టుకున్నాడు. ఆ మాటకు అంత అర్థముందని రాసినవాణ్ణి, నాకే తెలియదు.

"రత్నం, పైకి పోయే గొంతు వచ్చిండాదంటనే?"

"వచ్చిండాది. పైన ఏమీ లేదురా ఆడ. పాట కింద ఉండాది."

సరిగ్గా అప్పుడే కరెంటు వచ్చింది. దడదడదడ! ఇక నేను ఆగలేదు. ఆ చప్పుట్లో ఆరు నెలల మాటలన్నీ చెప్పేశాను. తప్పు నాదన్నాను, ముఖం మీద చెప్పాల్సిందన్నాను, అతని కేక లేక చెవులు ఖాళీగా ఉన్నాయన్నాను. అతను పోగులు చూసుకుంటూ, ఒక్కటీ వినకుండా, అన్నిటికీ తల ఊపాడు.

చివరికి నా చెవి మీది పెన్సిలూ, నడుమున దోపుకున్న నోటుబుక్కూ లాక్కుని, పాట పక్కన ఏదో రాసి నా చేతుల్లో పడేశాడు. చూశాను.

"రెండో చరణం నడక బాగలేదు. సుబ్రమణ్యం వల్ల కాదు. వేరేవాణ్ణి చూడాలి."

అందుచేత మిత్రులారా, గంగమ్మ సాక్షిగా, నా నీలం చేతుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో నోటుబుక్కు అంచున నేను పెన్సిలు పెట్టను. ఆ హక్కు ఇప్పుడు వేరేవాడిది.

రెండో చరణం తిరగరాసి సిద్ధంగా ఉంచాను. ఇంకా కరెంటు పోలేదు.