పేజీ తిప్పిన ఇన్‌స్పెక్టరు సారు

మొన్న ఆదివారం మా కోడలు ఫోను చూస్తూ చూస్తూ ఉన్నట్టుండి గొంతు పెంచింది. ఈడ ఎమ్మిగనూరులో మా మనవరాలు చదివే బడిని అధికారులు తనిఖీ చేసి, మూడో తరగతిలో చానామందికి సరిగా చదవడం రాదని తేల్చినారంట. “ఇట్ల అందరికీ తెలిసేటట్టు పరువు తీయాల్నా అత్తా?” అని ఆమె బాధ. నేను వంటింట్లో ఉగ్గానికి బొరుగులు తడుపుతా ఉన్నా. చేతులు నీళ్ళలో పెట్టుకునే నవ్వినాను. కోడలు ముఖం ముడుచుకుంది గానీ, ఆ నవ్వు ఆమె మీద కాదు. తడిసిన బొరుగుల వాసనకూ ఇన్‌స్పెక్షన్ అనే మాటకూ నా లోపల చిన్నప్పటి నుంచి చుట్టరికం ఉంది.

మాది పెద్దకడుబూరు పక్కన ఒక నల్లరేగడి ఊరు. బడి అంటే ఒక గది, ఒక సారు, ఐదు తరగతులు. సారు ఆదోని నుంచి పొద్దున బస్సుకు వచ్చి సాయంత్రం బస్సుకు పోయేవాడు. మంచివాడు, ఎవరినీ కొట్టి ఎరగడు. కానీ ఆయనకున్నది ఒకటే గొంతు. ఈ మూల లెక్కలు చెప్తాంటే ఆ మూల కొట్లాట లేచేది. పత్తి విడిపించే కాలం వస్తే పిల్లలు సగం మంది చేన్లలోనే ఉండేవాళ్ళు. పాపం, ఆయన కనిపెట్టిన ఉపాయం వల్లె వేయించడం. ఒకరు చెప్తే అందరూ చెప్పాల. గది నిండా చదువు మోగేది, దారిన పొయ్యేవాళ్ళకు కూడా బడి బాగా జరుగుతాందని నమ్మకం కలిగేది. ఆ మోతలో నా గొంతు అన్నిటికన్నా పైన ఉండేది. మాయమ్మ పత్తి చేన్లో పక్క సాలు ఆడోళ్ళతో “మా పాప గడగడా సదువుతాది” అని చెప్పుకునేది. ఇన్‌స్పెక్షన్ వచ్చినప్పుడల్లా సారు నన్నే ముందు నిలబెట్టేవాడు. నేను ఏనుగు పాఠం ఊపిరి తీయకుండా అప్పజెప్తే, వచ్చినాయన ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిని, ‘తృప్తికరం’ అని రాసి పోయేవాడు.

నేను నాలుగో తరగతిలో ఉన్నప్పుడు కొత్త ఇన్‌స్పెక్టరు వచ్చినాడు. బక్కపల్చని మనిషి. బస్సు దిగి ఎవరిదో సైకిలు అడిగి తీసుకుని తొక్కుకుంటా వచ్చినాడు, చొక్కా వీపుకు అతుక్కుపోయి ఉండింది. బజ్జీలు రెండోసారి అడిగి మరీ పెట్టించుకున్నాడు. అది చూసి మా సారుకు ధైర్యం వచ్చింది. నన్ను లేపినాడు. నేను పుస్తకం తెరిచి ఏనుగు పాఠం ఎత్తుకున్నా. కొత్త సారు నా పక్కకొచ్చి నిలబడి, మెల్లగా పేజీ తిప్పినాడు. నేను ఆపలేదు. ఇంకో పేజీ తిప్పినాడు. పుస్తకంలో పడవ బొమ్మ ఉంది, నా నోట్లో ఏనుగు చెరుకు తింటానే ఉంది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన తలెత్తి చూసేసరికి నవ్వు ఆగిపోయింది. నా తల మీద చెయ్యి పెట్టి, “ఎంత బాగా గుర్తు పెట్టుకున్నావు పాపా! మరి ఇదేం అక్షరం?” అని వేలు పెట్టి చూపించినాడు. నేను మా సారు వైపు చూసినా. మా సారు నేల చూస్తా ఉన్నాడు.

పిల్లల్ని బయటికి పంపినారు గానీ కిటికీకి తలుపులు లేవు. మా సారు బతిమాలతా ఉన్నాడు. “సార్, ఈసారికి తృప్తికరం అని రాయండి సార్. మెమో వస్తాది నాకు.”

“వస్తుంది. మీరొక్కరే ఐదు తరగతులు ఎట్లా లాగుతున్నారో కూడా రాస్తాను. బాగుందని రాస్తే ఈ బడికి ఇంకో టీచరు కావాలని ఎవరికి తెలుస్తుందప్పా?”

మా ఊళ్ళో మాట నడవదు, ఎగురుతుంది. మధ్యాహ్నానికే మాయమ్మ పత్తి ఏరుకునే ఒడి విప్పకుండానే బడి ముందర నిలబడింది. ముఖం ఎర్రగా ఉంది. “నాలుగేండ్లు తోలితిని సామీ బడికి. ఒక్క అక్షరం రాదంటనే! రేపట్నుంచి నా యెంబడి పత్తికి తోలుకపోతా” అనింది. చేను నాకు కొత్త కాదు, సెలవులకు పోతానే ఉంటి. కానీ ఇంక ఎప్పటికీ చేనే అంటే ఏమిటో ఆ నిమిషం అర్థమయింది.

ఇన్‌స్పెక్టరు సారు ఆమెను కసరలేదు. మెట్టు మీద కూర్చుని, “చదువు రాకపోవడం నీ బిడ్డ తప్పు కాదమ్మా. పాఠం మొత్తం నోటికి పట్టిన పిల్లకు అక్షరాలొక లెక్కా? ఉగాది దాకా ఆగు. నేనే మళ్ళీ వస్తా. అప్పటికీ రాకపోతే తోలుకపో” అన్నాడు. అమ్మ “ఉగాది దాకానే” అనింది.

మెమో వచ్చింది. మా సారు దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత ఒక పొద్దున నన్నూ నాలాంటి వాళ్ళనూ ముందు కూర్చోబెట్టుకుని ‘అ’ నుంచి మొదలు పెట్టినాడు. వల్లె ఆగిపోయి బడి మూగబోయింది. ఊళ్ళో కొందరు “సారుకు మనసు బాగలేదేమో” అనుకున్నారు. ఎరువుల సంచులు, అంగడి బోర్డు, ఆదోని బస్సు మీది పేరు, ఏది కనబడితే అది చదివించేవాడు. ఎండలు ముదిరే ముందు ఆలూరు నుంచి ఒక టీచరమ్మ కూడా వచ్చింది.

ఉగాది ఇంకా రానేలేదు, ఇన్‌స్పెక్టరు సారు వచ్చేసినాడు. అమ్మను పిలిపించినాడు. పుస్తకం ముట్టలేదు. తాను సద్ది కట్టుకొచ్చుకున్న పాత పేపరు విప్పి, ముడతలు సాపు చేసి నా చేతికిచ్చినాడు. నూనె మరకల మధ్య అక్షరాలు. నేను కూడబలుక్కున్నా. “ఆ...దో...ని మా...ర్కె...ట్టు...కు ప...త్తి బం...డ్లు...” చెమటలు పట్టినాయి. ఒక్క వాక్యం అయ్యేసరికి బజారంతా పరిగెత్తినట్టయింది. గడగడా చదివే పిల్ల తల్లి అని పేరు పడిన అమ్మకు ఆ నత్తనడక నచ్చుతుందా అని భయపడుతూ తలెత్తినా. అమ్మ ఎప్పుడొచ్చి కూర్చుందో, నా పక్కనే కింద కూర్చుని పేపరులోకి తొంగి చూస్తాంది.

“ఇంగేం రాసినారు? సదువు, సదువు” అనింది.

చేనుకు తోలుకపోయే మాట మళ్ళీ ఎత్తలేదు. మా సారు పక్కకు తిరిగి కండువాతో ముఖం తుడుచుకున్నాడు. ఆ ఇద్దరు సార్ల దయతోనే నేను నందవరం మండలంలో రిటైరయ్యేదాకా పిల్లలకు అక్షరాలు దిద్దించినా. నన్ను మెచ్చుకుని ‘తృప్తికరం’ అని రాసిపోయిన వాళ్ళ ముఖాలు ఇప్పుడు ఎంత తలుచుకున్నా గుర్తుకు రావు. పేజీ తిప్పిన ఆయన ముఖం మాత్రం, ఏండ్లు గడిచేకొద్దీ, నాకు ఇంకా తేటగా కనబడతా ఉంది.